పోల్ మీద తొలి నెలలు: జారేది చెయ్యా, ధైర్యమా

పోల్ డాన్స్ కొత్తగా మొదలుపెట్టినవారు మొదటి వారంలోనే ఒక తీర్పు చెప్పేసుకుంటారు: "నా చేతుల్లో బలం లేదు." రెండు చేతులతో స్తంభాన్ని పట్టుకుని కాళ్లు నేల మీద నుంచి లేపగానే ఒళ్లు జర్రున కిందికి దిగిపోతుంది కాబట్టి ఆ మాట అనుకోవడం సహజమే. కానీ ఆ ఒక్క జారుడులో మూడు వేర్వేరు సంగతులు కలిసి ఉంటాయి. చర్మానికీ లోహానికీ మధ్య ఉండే పట్టు మొదటిది. కండరాల బలం రెండోది. పైకి లేస్తే ఏమవుతుందోనన్న బెరుకు మూడోది. గోదావరి డెల్టాలో ఏడాదిలో ఎక్కువ నెలలు గాలి తేమగా ఉంటుంది గనుక ఇక్కడ ముందుగా దెబ్బతినేది పట్టు. నేర్చుకునేవారు దాన్ని బలహీనతగా పొరబడతారు, కొన్నాళ్లకు ఆ బలహీనత తమ స్వభావమే అని నమ్మేస్తారు, ఆ నమ్మకంతోనే మానేస్తారు. ఈ మూడింటినీ విడదీసి చూడగలిగితే తొలి నెలల్లో చేయవలసిన పని చాలావరకు స్పష్టమవుతుంది.

పట్టు సంగతి ఒక చిన్న లెక్కతో తేలుతుంది. పోల్ మీద కూర్చోవడం అనే తొలి భంగిమలో రెండు తొడలు లోహాన్ని ఇరువైపుల నుంచి నొక్కుతాయి. ఆ నొక్కుడు వల్ల పుట్టే ఘర్షణే శరీర బరువును మోస్తుంది. 55 కిలోల మనిషిని తీసుకుని, చర్మానికీ పోల్‌కీ మధ్య ఘర్షణ గుణకం (రెండూ ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుంటాయో చెప్పే అంకె) 0.5 అనుకుంటే, ఒక్కో తొడ 55 కిలోల బరువుకు సమానమైన బలంతో నొక్కాలి. చెమట పట్టి ఆ గుణకం సగానికి, అంటే 0.25కు పడిపోయిందనుకుంటే, అదే మనిషి జారకుండా అదే చోట కూర్చోవడానికి ఒక్కో తొడతో 110 కిలోల బలం పెట్టాలి. తొడల బలం రవ్వంత కూడా తగ్గలేదు, అయినా పని రెట్టింపైంది. నిన్న సాయంత్రం పది అంకెలు లెక్కపెట్టేదాకా కూర్చోగలిగినవారు ఈరోజు మూడు అంకెలకే జారిపోవడం వెనుక చాలాసార్లు ఉన్నది ఇంతే.

చెమటలోనూ రెండు రకాలున్నాయి. వీపు మీద, మెడ మీద పట్టే చెమట వేడికి వస్తుంది. అరచేతుల్లో, అరికాళ్లలో పట్టేది ప్రధానంగా మనసులోని ఆందోళనకు శరీరం ఇచ్చే జవాబు. ప్రశ్నపత్రం చేతికి రాకముందే పరీక్ష హాల్లో వేళ్లు తడవడం అందరికీ అనుభవమే. పోల్ ముందు నిలబడ్డ కొత్తవారికి ఈ రెండూ ఒకేసారి వస్తాయి. పడతానేమోనన్న భయానికి అరచేయి తడుస్తుంది, తడిసిన అరచేయి జారుతుంది, జారినందుకు భయం ఇంకాస్త పెరుగుతుంది, అది మళ్లీ అరచేతిని తడుపుతుంది. "ధైర్యం తెచ్చుకో" అన్న సలహా ఈ వలయాన్ని తెంచలేదు. చెయ్యి తుడుచుకోవడం, ఎత్తు తగ్గించుకోవడం తెంచుతాయి. ధైర్యం గురించిన మాట ముందు చేతిగుడ్డతో మొదలవడం కొందరికి చప్పగా అనిపించవచ్చు గానీ, నేర్చుకోవడం నిజంగా మొదలయ్యేది అక్కడే.

సాధనకు ఏ వేళ మంచిదన్న విషయంలో ఒక అపోహ ఉంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలప్పుడు వేకువనే లేచి చేస్తే చల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు. ఉష్ణోగ్రత వరకు అది నిజమే గానీ, గాలిలో తేమ శాతం సాధారణంగా అత్యధికంగా ఉండేది కూడా తెల్లవారుజామునే. పట్టిన చెమట ఆరదు. అమలాపురంలోనో నరసాపురంలోనో కిటికీలు తెరిచిన గదిలో ఉదయం ఐదున్నరకు చేసే సాధన కన్నా, ఏసీ వేసి తేమ తగ్గించిన గదిలో సాయంత్రం చేసే సాధనలో పట్టు మెరుగ్గా ఉండవచ్చు. ఏసీ లేని ఇంట్లో ఫ్యాన్ గాలి నేరుగా పోల్ మీదికి తగిలేలా చూసుకోవడం ఎంతో కొంత పనికొస్తుంది. అయితే ఏసీలో చల్లబడ్డ లోహం మీదికి తలుపు తీసి బయటి గాలి రానిస్తే, మంచినీళ్ల సీసా మీద పట్టినట్టు పోల్ అంతటా సన్నని తడి పడుతుంది. సంక్రాంతి రోజుల్లో కథ తిరగబడుతుంది. చర్మం పొడిబారి, లోహం చల్లగా ఉండి, చెమట లేకున్నా చెయ్యి నిలవదు. అప్పుడు పోల్‌ను అరచేతులతో, ముంజేతులతో రుద్ది కాస్త వెచ్చబరచాలి.

కోనసీమ ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పవలసినది కొబ్బరినూనె. తలకు, కాళ్లకు, మోచేతులకు రాసుకోవడం ఇక్కడ రోజువారీ అలవాటు. స్నానం చేసినా దాని పొర చర్మం మీద కొంత మిగులుతుంది, అది పోల్‌కు అంటుకుని తర్వాత వచ్చినవారిని కూడా జారుస్తుంది. సాధన ఉన్న రోజున నూనె గానీ క్రీములు గానీ ఒంటికి తగలకుండా ఉండడమే మేలు. క్రోమ్, ఇత్తడి పోల్‌లను సర్జికల్ స్పిరిట్ అద్దిన గుడ్డతో మధ్యమధ్య తుడవాలి. అది మండే ద్రవం గనుక దేవుడి దీపానికి, పొయ్యికి దూరంగా ఉంచుకోవాలి. చేతులకు రాసుకోవడానికి జిమ్నాస్టులు వాడే మెగ్నీషియం కార్బొనేట్ సుద్ద, లేదా దాని ద్రవరూపం సరిపోతుంది. ముఖానికి వేసుకునే పౌడర్ మాత్రం దానికి ప్రత్యామ్నాయం కాదు. క్యారమ్ బోర్డు మీద పౌడర్ చల్లేది కాయిన్లు హాయిగా జారడానికే. చేతులకు రాసుకున్నా అది చేసే పని అదే.

ఇంట్లో పోల్ పెట్టుకోవాలనుకునేవారికి ఇల్లే మొదటి ప్రశ్న. పోటీల్లోనూ ఇళ్లలోనూ ఎక్కువగా వాడే పోల్ వ్యాసం 45 మిల్లీమీటర్లు. నేలకూ పైకప్పుకూ మధ్య బిగించే రకం పూర్తిగా కాంక్రీట్ శ్లాబు మీదే ఆధారపడుతుంది. పెంకుటింట్లో గానీ రేకుల షెడ్డులో గానీ దాన్ని బిగించడం ప్రమాదం. ఫాల్స్ సీలింగ్ ఉన్న గదిలో ఇంకా ప్రమాదం, ఎందుకంటే పైకి గట్టిగా కనిపించేది జిప్సమ్ పలక మాత్రమే. తెచ్చుకునే ఖర్చు ఎక్కువని వెల్డింగ్ షాపులో జీఐ పైపు కోయించి నిలబెట్టుకోవాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. అంగుళంపావు పైపు వెలుపలి వ్యాసం 42.4 మిల్లీమీటర్లు, అంగుళంన్నర పైపుది 48.3 కాబట్టి పట్టుకోవడానికి రెండూ దగ్గరగానే అనిపిస్తాయి. చిక్కు వ్యాసంతో కాదు. నీళ్లు మోయడానికి చేసిన పైపు గోడ మందం, అతుకు, అడుగున వెల్డింగ్ చేసిన పలక మధ్యలో ఊగే మనిషి బరువును పక్కవాటంగా ఎంతవరకు తట్టుకుంటాయో ఎవరూ పరీక్షించి ఉండరు. ఈ విషయంలో పొదుపు చేయకపోవడమే సరైనది. ఇల్లు వీలుకాకపోతే పోల్ కొనడం వాయిదా వేసి, కింద చెప్పబోయే బలసాధన అంతా జిమ్‌లోని కడ్డీ మీద చేసుకోవచ్చు.

లోహం ఎంపిక కూడా వాతావరణాన్ని బట్టే ఉండాలి. క్రోమ్ పూత అందరికీ తెలిసినది, గిరగిరా తిరగడానికి అనువైనది, కానీ తడి చేతులకు ఇత్తడి అంతకన్నా బాగా అందుతుంది. పౌడర్ కోటింగ్ ఉన్నది తేమలో అన్నిటికన్నా గట్టిగా పట్టుకుంటుంది, చర్మాన్ని కూడా అంతే గట్టిగా లాగుతుంది. గిల్టు నగలు పడనివారికి క్రోమ్ పూత కింద ఉండే నికెల్ వల్ల దురద రావచ్చు. వారికి స్టెయిన్‌లెస్ స్టీల్ నయం. కింద పరిచే చాప మందంగా, నొక్కితే తిరిగి లేచేదిగా ఉండాలి. బూరుగు దూది పరుపు ఏళ్ల తరబడి పడుకుని పడుకుని అణిగిపోయి ఉంటుంది గనుక అది పడకకే గాని, పడడానికి పనికిరాదు.

ఇక ఎక్కడం దగ్గరికి వస్తే, డెల్టావారికి దీన్ని వివరించడానికి దూరం వెళ్లనక్కరలేదు. అంబాజీపేట చుట్టుపక్కల తోటల్లో దింపు తీసేవారు కొబ్బరి చెట్టు ఎక్కడాన్ని ఒకసారి శ్రద్ధగా గమనిస్తే చాలు. పాదాలకు తాడు బంధం వేసుకుని, రెండు అరికాళ్లతో మానును ఇరువైపులా నొక్కి, మోకాళ్లు పైకి ముడుచుకుని, ఆ నొక్కిన పాదాల మీద లేచి నిలబడతారు. లేచాకే చేతులు పైకి జరుగుతాయి. చేతులు మానుకు దగ్గరగా ఉంచే పని చేస్తాయి, పైకి ఎత్తే పని కాళ్లది. చేతులతో లాగుకుంటూ ఎక్కితే మూడో చెట్టుకే ముంజేతులు బిగుసుకుపోతాయి, రోజుకు అన్ని చెట్లు ఎక్కడం ఎవరివల్లా కాదు.

పోల్ మీద తొలి ఎక్కుడు సూత్రం అచ్చంగా ఇదే, కాకపోతే మాను లావుగా, గరుకుగా ఉంటుంది, పోల్ సన్నగా, నున్నగా ఉంటుంది. అందుకని అరికాళ్లతో నొక్కే బదులు రెండు కాళ్ల మధ్య దాన్ని బిగించాలి. ఎదురుగా నిలబడి, తలపైన రెండు చేతులతో పోల్‌ను పట్టుకుని, ఒక కాలు ఎత్తి, మోకాలు పోల్‌కు ఒకవైపు, పాదం రెండోవైపు వచ్చేలా ముందు కాలిని అడ్డంగా ఆనించాలి. పాదం వేళ్లను మోకాలి వైపు గట్టిగా మడిస్తే పాదం పైభాగం కొక్కెంలా తగులుకుంటుంది. రెండో కాలి పిక్క వెనుక నుంచి వచ్చి పోల్‌ను ఆ ముందు కాలికేసి అదుముతుంది. అప్పుడు మోకాళ్లు రెండూ దగ్గరికి నొక్కి, కుర్చీలో నుంచి లేచినట్టు లేవాలి. మొదటిసారి కాలి ముందెముక మీద చర్మం మండుతుంది, పాదం మడత సరిగ్గా లేకపోతే కొక్కెం ఊడిపోతుంది. ఇరవై ముప్పైసార్లు నేల మీద నుంచి ఒక్క అడుగు ఎత్తుకే ఎక్కి దిగాక, "చేతుల్లో బలం లేదు" అన్న ఫిర్యాదు సగం దానంతటదే సద్దుమణుగుతుంది. మిగిలిన సగంలోనే అసలైన బలం ప్రశ్న ఉంది.

ఆ బలం పిడికిలిలో కన్నా భుజంలో, ముఖ్యంగా వీపు మీది రెక్క ఎముకలను కదిలించే కండరాల్లో ఉంటుంది. కొత్తవారు పోల్‌కు వేలాడినప్పుడు భుజాలు చెవుల దాకా వచ్చేస్తాయి. అలా వేలాడితే బరువు కండరాల మీద కాకుండా భుజం కీలు చుట్టూ ఉన్న కణజాలం మీద పడుతుంది, పైగా ఊపుతో తిరుగుతున్నప్పుడు ఆ బరువు ఇంకా పెరుగుతుంది. చేయవలసినది ఏమిటంటే, చేతులు వంచకుండానే రెక్క ఎముకలను నడుము వైపు కిందికి లాగి, మెడను పొడుగ్గా ఉంచడం. చేయి కదలదు, మనిషి మాత్రం రెండంగుళాలు పైకి లేస్తాడు. చూడడానికి ఏమీ లేని ఈ రెండంగుళాల కదలికే తొలి నెల మొత్తానికి విలువైన వ్యాయామం. మునివేళ్లు నేలకు ఆనించి కొంత బరువు కాళ్ల మీద ఉంచుతూ ఐదేసిసార్లు మొదలుపెట్టి, వారాలు గడిచేకొద్దీ కాళ్ల సాయం తగ్గించుకుంటూ పోవచ్చు. మెల్లగా దిగడం కూడా ఇంతే మేలు చేస్తుంది. పైకి లాక్కోలేనివారు స్టూలు ఎక్కి గడ్డం చేతుల ఎత్తుకు తెచ్చుకుని, ఐదు అంకెలు లెక్కపెడుతూ దిగితే, పైకి లాగే కండరాలే బలపడతాయి.

బలం ఎంత కాలానికి వస్తుందన్న ప్రశ్నకు శరీరధర్మశాస్త్రం ఇచ్చే జవాబు ఊరటనిస్తుంది, హెచ్చరిక కూడా చేస్తుంది. మొదటి కొన్ని వారాల్లో కనిపించే పెరుగుదలలో ఎక్కువ భాగం కండ పెరగడం వల్ల కాదు. ఉన్న కండను నాడీవ్యవస్థ మరింత బాగా పనిలోకి దించడం నేర్చుకోవడం వల్ల వస్తుంది. అందుకే అద్దంలో ఏ మార్పూ కనిపించకముందే మనిషి ఎక్కువసేపు వేలాడగలుగుతారు. కండ పెరుగుదల ఆ తర్వాతి మాట. కండను ఎముకకు కలిపే టెండన్లు ఈ రెండింటికన్నా నిదానంగా గట్టిపడతాయి. రెండు నెలల్లో "ఇప్పుడు నాకు వస్తోంది" అన్న ఉత్సాహంతో రోజూ చేయడం మొదలుపెట్టినవారికి మోచేతి లోపలి వైపు, మణికట్టు దగ్గర నొప్పి పట్టుకునేది సరిగ్గా ఈ తేడా వల్లనే. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజైనా విడుపు, తొలి నెలల్లో ఇంతకు మించి అక్కరలేదు.

ఒకే వైపు చేయడం ఇంకో పొరపాటు. కుడిచేయి వాటం ఉన్నవారు ప్రతి తిరుగుడూ కుడిచేయి పైన పెట్టే చేస్తారు, అది అందంగా వస్తుంది గనుక అదే చేస్తూ పోతారు. నీళ్ల బిందెను ఎప్పుడూ ఒకే చంకన పెట్టుకుని మోసినవారి నడుము వాటం ఎలా మారుతుందో పల్లెల్లో చూసినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. రాని వైపుతోనే మొదలుపెట్టడం మంచి పద్ధతి, ఎందుకంటే అలసట రాకముందే దాని వంతు పూర్తవుతుంది.

నొప్పుల్లో తేడా తెలియాలి. తొడ లోపలి చర్మం మండడం, మోకాలి వెనుక, పిక్క మీద నీలం మచ్చలు పడడం తొలి నెలల్లో మామూలే. చర్మం అలవాటుపడేకొద్దీ అవి తగ్గుతాయి. కీలులో గుచ్చినట్టు వచ్చే నొప్పి, చేతివేళ్లు తిమ్మిరెక్కడం, మరునాటికి తగ్గకుండా పెరిగే నొప్పి వేరు. వాటిని ఓర్చుకోవడంలో గొప్ప ఏమీ లేదు, ఆపి వైద్యులకు చూపించుకోవాలి.

తిండి సంగతి చెప్పకుండా బలం గురించి మాట్లాడడం అన్యాయమవుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ సగానికి పైగా మహిళలది అదే పరిస్థితి. రెండు నిమిషాలకే ఆయాసం వచ్చి, కళ్లు బైర్లు కమ్మి కూర్చుండిపోయేవారిని "నీకు పట్టుదల లేదు" అనడం ఎంత పెద్ద తప్పో ఆ అంకె చెబుతుంది. సాధన మొదలుపెట్టే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవడం ఖర్చు తక్కువ, ప్రయోజనం ఎక్కువ ఉన్న పని. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు సిఫారసు చేసిన ప్రొటీన్ కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు, అంటే 55 కిలోల మనిషికి దాదాపు 46 గ్రాములు. కండకు పని పెట్టేవారికి ఇంకాస్త ఎక్కువ కావాలి. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే. చేపలకు, రొయ్యలకు కొదవలేని ఈ ప్రాంతంలో కూడా చాలా ఇళ్లలో కంచం నిండా అన్నం, పక్కన రెండు ముక్కలు, అవి కూడా మగవాళ్లకు వడ్డించగా మిగిలినవి. సాధన చేసే అమ్మాయి కంచంలోకి ఆ ముక్కలు, పొద్దున ఒక పెసరట్టు, ఒక గుడ్డు రావడం ఏ వ్యాయామానికీ తీసిపోని మార్పు.

ఆత్మవిశ్వాసం గురించి మాట్లాడేటప్పుడు ఊరి చూపును పక్కన పెట్టి లాభం లేదు. పోల్ డాన్స్ అనగానే క్లబ్బులు గుర్తుకొస్తాయి. ఆ చరిత్ర నిజమే, దాన్ని దాచనక్కరలేదు. ఇప్పుడు తరగతుల్లో నేర్పే కదలికల్లో చాలావాటిని రూపొందించి, మెరుగుపరిచింది అమెరికా, కెనడా క్లబ్బుల్లో నాట్యం చేసి పొట్టపోసుకున్న మహిళలే. వ్యాయామ తరగతుల్లోకి ఇది 1990ల నుంచి వచ్చింది, అంతర్జాతీయ పోల్ స్పోర్ట్స్ ఫెడరేషన్ 2009లో ఏర్పడింది, 2017లో అంతర్జాతీయ క్రీడా సమాఖ్యల ఉమ్మడి సంఘం దానికి పరిశీలక హోదా ఇచ్చింది. మన దగ్గర మల్లఖంబ్ ఉంది. ఆముదం పూసిన టేకు స్తంభం మీద మహారాష్ట్రలో, మధ్యప్రదేశ్‌లో పిల్లలు చేసే విన్యాసాలను అందరూ మెచ్చుకుంటారు, మధ్యప్రదేశ్ 2013లో దాన్ని రాష్ట్ర క్రీడగా ప్రకటించింది కూడా. తెలుగు ఊళ్లలోనైతే దొమ్మరి కళాకారులు నడివీధిలో గడ పాతి, ఆడవాళ్లు దాని కొసకెక్కి, అక్కడ ఒళ్లు విల్లులా వంచి ఆడిన రోజులున్నాయి. నోరెళ్లబెట్టి ఆ ఆట చూసిన ఊళ్లే ఆ మనుషుల పేరును తిట్టుగా వాడుకున్నాయి. స్తంభమెక్కిన ఆడమనిషి నైపుణ్యాన్ని చూడకుండా ఆమె మర్యాదను లెక్కకట్టే అలవాటు ఈ నేల మీద కొత్తగా పుట్టినది కాదన్నమాట. పాలకొల్లులోనో కాకినాడలోనో ఇవాళ తలుపు వేసుకుని సాధన చేసే అమ్మాయి మోస్తున్న బెరుకులో ఆ పాత బరువు కొంత ఉంది, అది ఆమె లోపం కాదు.

బట్టల విషయంలో ఈ బెరుకు ముందుకొస్తుంది. పొట్టి నిక్కరు ఎందుకంటే, గుడ్డ లోహం మీద జారుతుంది, చర్మం నిలుస్తుంది. పైన చెప్పిన తొడల లెక్క అంతా చర్మం తగిలినప్పటి మాట. అయినా మొదటి రోజు నుంచే అది తప్పనిసరి కాదు. చేతులతో వేలాడడం, భుజాలు బిగించడం, నేల మీద పోల్ చుట్టూ నడవడం, తొలి తిరుగుళ్లు కొన్ని, ఇవన్నీ మామూలు ట్రాక్ ప్యాంటుతోనే వస్తాయి. ఎక్కడం మొదలయ్యేసరికి మోకాళ్ల దాకా మడిస్తే చాలు. కూర్చోవడం దగ్గరికి వచ్చేసరికి నేర్చుకునేవారికి తమ ఒంటితో కొత్త పరిచయం ఏర్పడి ఉంటుంది, నిక్కరు అప్పటికి పనిముట్టులా కనిపిస్తుంది. తొందరపెట్టే శిక్షకుల కన్నా ఈ క్రమాన్ని ఓపికగా పాటించే శిక్షకులు దొరకడం అదృష్టం.

మనస్తత్వశాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో చెప్పిన ఒక సిద్ధాంతం ఇక్కడ బాగా పనికొస్తుంది. ఒక పని తనవల్ల అవుతుందన్న నమ్మకం నాలుగు మూలాల నుంచి వస్తుందని ఆయన చెప్పాడు: తాను స్వయంగా చేసి నెగ్గిన అనుభవం, తనలాంటివారు చేయగా చూడడం, ఇతరుల ప్రోత్సాహం, తన శరీరం ఇచ్చే సూచనలను తాను అర్థం చేసుకునే తీరు. వీటిలో అన్నిటికన్నా బలమైనది మొదటిది. రెండోదానిలో "తనలాంటివారు" అన్న మాటే కీలకం. ఫోన్‌లో కనిపించే విదేశీ నిపుణురాలు తలకిందులుగా గాల్లో కాళ్లు చాపడం చూస్తే అబ్బురం కలుగుతుంది, నమ్మకం కలగదు. అదే పక్క వీధి పిన్ని నలభై ఏళ్ల వయసులో, ఇద్దరు పిల్లల తల్లి, ఒక్క అడుగు ఎత్తున మూడు అంకెలు కూర్చోగలిగితే, అది చూసినవారికి తామూ కూర్చోగలమనిపిస్తుంది. ఇద్దరు ముగ్గురు కలిసి నేర్చుకోవడంలోని లాభం ఇదే. నాలుగో మూలం అరచేతి చెమట దగ్గరికి తిరిగి తీసుకెళుతుంది: తడిసిన చేతిని "నేను భయస్తురాలిని" అని చదవవచ్చు, "సుద్ద రాసుకునే సమయమైంది" అనీ చదవవచ్చు.

మొదటి మూలానికి ఆధారం కావాలి, ఆధారానికి రాత కావాలి. ఒక నోటు పుస్తకంలో ఆ రోజు తేదీ, గది తేమగా ఉందా పొడిగా ఉందా, కుడివైపు ఎన్ని అంకెలు, ఎడమవైపు ఎన్ని అంకెలు అని రాసుకుంటే, నెల తిరిగేసరికి రెండు విషయాలు కనిపిస్తాయి. అంకెలు పెరుగుతున్నాయని ఒకటి. తగ్గిన రోజులన్నీ ఉక్కపోత రోజులేనని రెండోది. వాన కురిసి ఊరంతా చిత్తడిగా ఉన్న సాయంత్రం రెండు అంకెలకే జారిపోయినవారు ఆ పుస్తకం తెరిచి చూసుకుంటే, ఆ రోజు ఓటమి ఎవరి ఖాతాలో వేయాలో తెలుస్తుంది.

భయాన్ని తగ్గించే ఇంకో సాధన దిగడం నేర్చుకోవడం. ఏ భంగిమైనా ఎక్కే ముందు దాని నుంచి బయటపడే దారి చేతులకు, కాళ్లకు తెలిసి ఉండాలి. చెట్టెక్కేవారు కూడా అరిచేతుల చర్మం ఊడేలా జారి దిగరు, ఎక్కినట్టే బంధం సాయంతో మెట్టు మెట్టుగా దిగుతారు. కూర్చున్న చోట చేయి జారితే ఏం చేయాలి, అలసిపోయినప్పుడు ఏ కాలు ముందు దించాలి అన్నది కావాలని పదిసార్లు చేసి చూసుకున్నవారికి ఎత్తు అంటే ఉన్న బెంగ మెల్లగా పోతుంది.

తొలి దశకు సరిహద్దు తలకిందులవడం. పోల్ పక్కన నిలబడి, రెండు చేతులతో పట్టుకుని, తలను వెనక్కి వాల్చుతూ, కాళ్లు రెండూ విడదీసి పైకి లేపే ఈ కదలికను అందరూ త్వరగా చేయాలనుకుంటారు. నేల మీద నుంచి గెంతి, ఆ ఊపుతో కాళ్లను పైకి విసిరితే రెండో నెలలోనే అయిపోయినట్టు కనిపిస్తుంది. ఊపుతో వచ్చినదాన్ని మధ్యలో ఆపలేరు గనుక భుజాలకు, మెడకు దెబ్బలు తగిలే అవకాశం అక్కడే ఎక్కువ. దానికి ముందు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. భుజాలు చెవులకు దూరంగా ఉంచి కాళ్లు లేపి పది అంకెలు వేలాడగలగాలి. గెంతకుండా మోకాళ్లను ఛాతీ దాకా ముడిచి మూడు అంకెలు నిలపగలగాలి, అంతే నిదానంగా దించగలగాలి. కుడివైపు వచ్చినది ఎడమవైపు కూడా రావాలి. ఇవి మూడు వేర్వేరు రోజుల్లో, వాటిలో ఒకటైనా ఉక్కపోత రోజై ఉండగా, నోటు పుస్తకంలోకి ఎక్కాలి. ఆ తర్వాతే మందపు చాప పరిచి, పక్కన నడుము పట్టుకునే మనిషి నిలబడి ఉండగా, పాదాలు నేల నుంచి నిదానంగా లేవాలి.